టోపోలాజికల్ అతివాహకాలు: సింగపూర్‌లో మజొరానా స్థితుల అన్వేషణ

కొన్ని పదార్థాలను బాగా చల్లబరిస్తే వాటిలో విద్యుత్ నిరోధం పూర్తిగా మాయమవుతుంది. దీన్నే అతివాహకత అంటారు. 1911లో డచ్ శాస్త్రవేత్త హైకే కామర్లింగ్ ఓన్నెస్ పాదరసంలో దీన్ని మొదటిసారి చూశారు. అతివాహకాల్లో ఒక అరుదైన తెగ ఉండాలని గత పాతికేళ్ల సిద్ధాంతం చెబుతోంది. ఆ తెగకు చెందిన పదార్థం లోపలంతా మామూలు అతివాహకంలాగే ఉంటుంది. దాని అంచులోనో, తీగ కొసలోనో, అయస్కాంత సుడి నడిబొడ్డునో మాత్రం సరిగ్గా సున్నా శక్తి దగ్గర ఒక క్వాంటం స్థితి నిలిచి ఉంటుంది. పదార్థంలో కొంచెం మలినం చేరినా, అంచు కాస్త వంకరపోయినా ఆ స్థితి చెదరదు. ఆకారాన్ని సాగదీసినా వంచినా మారని లక్షణాలను లెక్కగట్టే గణితశాఖ టోపాలజీ. ఈ స్థితిని కాపాడేది అలాంటి లక్షణమే కాబట్టి ఈ పదార్థాలకు టోపోలాజికల్ అతివాహకాలని, ఆ స్థితులకు మజొరానా శూన్యస్థితులని పేర్లు వచ్చాయి.

సింగపూర్‌లో ఈ అన్వేషణ ముఖ్యంగా రెండు విశ్వవిద్యాలయాల్లో సాగుతోంది. ఒకటి ద్వీపం పడమటి కొసన జురాంగ్ వైపు ఉన్న నాన్యాంగ్ టెక్నలాజికల్ యూనివర్సిటీ. రెండోది కెంట్ రిడ్జ్ మీద ఉన్న నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ సింగపూర్. ఈ వ్యాసంలో ప్రస్తావించే అక్కడి ప్రయోగాలు ‘మజొరానా దొరికింది’ అని ప్రకటించినవి కావు. ఆ మాట అనడానికి ముందు తేలాల్సిన ప్రశ్నలను ఒక్కొక్కటిగా తేల్చినవి. ఈ రంగం ఇప్పటికి తిన్న దెబ్బలు చూస్తే ఆ పనికే ఎక్కువ విలువ ఇవ్వాలి.

భావన పుట్టుక

సిసిలీ ద్వీపానికి చెందిన ఎత్తోరె మజొరానా 1937లో ఒక పత్రం ప్రచురించారు. తనకు తానే ప్రతికణమైన కణం ఉండవచ్చని అందులో సమీకరణంతో చూపారు. మరుసటి ఏడాది మార్చిలో పలెర్మో నుంచి నేపుల్స్‌కు ఓడలో బయల్దేరి, 31 ఏళ్ల వయసులో కనిపించకుండా పోయారు. ప్రకృతిలో మౌలిక కణాలుగా అలాంటివి ఉన్నాయో లేదో ఇంకా తేలలేదు. న్యూట్రినో అటువంటిదేమోనన్న ప్రశ్న మీద నేటికీ ప్రయోగాలు జరుగుతున్నాయి.

ఘనపదార్థ భౌతికశాస్త్రానికి ఈ ఆలోచన పనికిరావడానికి కారణం అతివాహకాల స్వభావమే. అతివాహకంలో ఎలక్ట్రాన్లు జంటలు కడతాయి. వాటినే కూపర్ జంటలు అంటారు. జంట విడిపోయినప్పుడు కనిపించే ఉత్తేజితం పూర్తిగా ఎలక్ట్రాన్ కాదు, పూర్తిగా ఎలక్ట్రాన్ లేని ఖాళీ కూడా కాదు. రెండూ కలగలిసిన రూపం అది. సున్నా శక్తి దగ్గర ఈ రెండు పాళ్లూ సరిసమానమైతే ఆ ఉత్తేజితానికీ దాని ప్రతిరూపానికీ తేడా ఉండదు. మజొరానా రాసిన షరతు అదే. అయితే ఇది శూన్యంలో ఎగిరే కణం కాదని గుర్తుంచుకోవాలి. లెక్కలేనన్ని ఎలక్ట్రాన్ల ఉమ్మడి ప్రవర్తనలో పుట్టి, ఒకచోట కట్టుబడి ఉండే స్థితి ఇది.

2000లో నికొలస్ రీడ్, డిమిత్రి గ్రీన్ ఒక ప్రత్యేక తరహా ద్విమితీయ అతివాహకంలో సుడుల నడుమ ఇవి ఉంటాయని చూపారు. 2001లో అలెక్సీ కితాయెవ్ లెక్కను ఇంకా సులువు చేశారు. ఎలక్ట్రాన్లు ఒకే వరుసలో ఉన్న ఒక ఊహా తీగను తీసుకుని, దాని రెండు కొసల్లో చెరొక మజొరానా స్థితి మిగులుతుందని నిరూపించారు. రెండు కొసల స్థితులూ కలిస్తేనే ఒక పూర్తి ఎలక్ట్రాన్ స్థితి అవుతుంది. ఒక నోటును మధ్యకు చించి ఇద్దరి దగ్గర చెరో ముక్క దాస్తే ఏ ఒక్కరూ దాన్ని చెల్లించలేరు. ఇక్కడి సమాచారమూ అలాగే ఏ ఒక్క కొసలోనూ ఉండదు కాబట్టి ఒక కొస దగ్గరి గందరగోళం దాన్ని పాడుచేయలేదు. పైగా ఇలాంటి స్థితులను ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే, తిప్పిన వరుసను బట్టి ఫలితం మారుతుంది. ఈ ప్రక్రియను అల్లిక అంటారు. క్వాంటం కంప్యూటర్‌కు సహజమైన రక్షణ దొరుకుతుందన్న ఆశకు మూలం ఇదే.

ఆ ఊహా తీగను ప్రయోగశాలకు దింపే దారులు తర్వాత వచ్చాయి. 2008లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లియాంగ్ ఫు, చార్లెస్ కేన్ ఒక మార్గం చూపారు. లోపల విద్యుత్తు పారకుండా ఉపరితలం మీద మాత్రమే పారే టోపోలాజికల్ ఇన్సులేటర్ ఉపరితలాన్ని మామూలు అతివాహకానికి ఆనిస్తే చాలని, అతివాహకత్వం పక్క పదార్థంలోకి పాకి కావలసిన తరహా జంటలు వాటంతటవే ఏర్పడతాయని వారి సూత్రం. 2010లో రెండు బృందాలు సెమీకండక్టర్ నానోతీగలతోనూ ఇది సాధ్యమని లెక్కగట్టాయి. మొదటి దారే సింగపూర్ ప్రయోగాలకు ఆధారమైంది.

కనుక్కోవడంలో చిక్కు

మజొరానా స్థితి ఉందో లేదో చూడటానికి మొదట వాడేది టనలింగ్ కొలత. పదార్థం మీద ఒక లోహపు మొన పెట్టి, మధ్యలో సన్నని ఖాళీ వదిలి, వోల్టేజీ మారుస్తూ ఎంత కరెంటు దాటుతుందో చూస్తారు. అతివాహకంలో సున్నా వోల్టేజీకి ఇరుపక్కలా కొంత మేర స్థితులే ఉండవు. ఆ ఖాళీని గ్యాప్ అంటారు. మజొరానా ఉంటే ఆ గ్యాప్ నడుమ, సరిగ్గా సున్నా దగ్గర, ఒక శిఖరం లేవాలి. ఉష్ణోగ్రత తగినంత తగ్గితే ఆ శిఖరం ఎత్తు ఒక స్థిరమైన విలువకు చేరాలి. ఎలక్ట్రాన్ ఆవేశం వర్గాన్ని ప్లాంక్ స్థిరాంకంతో భాగించి రెట్టింపు చేస్తే వచ్చేదే ఆ విలువ. అది సుమారు 77.5 మైక్రోసీమెన్స్.

2012లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ బృందం ఇండియం ఆంటిమొనైడ్ నానోతీగలో అలాంటి శిఖరాన్ని సైన్స్ పత్రికలో చూపింది. 2014లో ప్రిన్స్‌టన్ బృందం సీసం ఉపరితలంపై పేర్చిన ఇనుప పరమాణువుల గొలుసు కొసల్లో చూపింది. 2018లో చైనా శాస్త్రవేత్తలు ఇనుము, టెల్యూరియం, సెలీనియం కలిసిన అతివాహకంలోని సుడుల్లో చూశారు. చూసిన ప్రతి చోటా వెంటనే ఒకే ప్రశ్న లేచింది: ఇది మజొరానాయేనా?

సున్నా దగ్గర శిఖరం తెచ్చే కారణాలు చాలా ఉన్నాయి. పదార్థంలో లోపం ఉన్నచోట మామూలు ఆండ్రీవ్ బంధస్థితి తచ్చాడుతూ సున్నాకు వచ్చి చేరవచ్చు. అయస్కాంత మలినం ఒకటి ఉంటే కోండో ప్రభావం అచ్చం అలాంటి శిఖరాన్నే ఇస్తుంది. ఒక పాత ఉదాహరణ 1989 నాటిది. బెల్ ల్యాబ్స్‌లో హరాల్డ్ హెస్ సహచరులతో కలిసి నియోబియం డైసెలినైడ్‌లోని సుడిని స్కానింగ్ టనలింగ్ మైక్రోస్కోప్‌తో చూశారు. సుడి నడుమ సున్నా దగ్గర చక్కటి శిఖరం కనిపించింది. ఆ పదార్థం టోపోలాజికల్ కాదు. మామూలు సుడిలోనూ శక్తి మెట్లు ఉంటాయి. గ్యాప్ వర్గాన్ని ఫెర్మీ శక్తితో భాగిస్తే వాటి మధ్య దూరం వస్తుంది. గ్యాప్ ఒక మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్, ఫెర్మీ శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్ట్ అనుకుంటే ఆ దూరం మిల్లీలో వెయ్యోవంతే. అంత దగ్గరి మెట్లను ఏ పరికరమూ విడదీయలేదు, అన్నీ కలిసి ఒకే శిఖరంలా కనపడతాయి. ఇనుము-టెల్యూరియం-సెలీనియం పదార్థానికి అంత ఆదరణ రావడానికి కారణం దాని ఫెర్మీ శక్తి చాలా తక్కువ కావడం. మెట్లు దూరదూరంగా ఉంటాయి కాబట్టి సున్నా దగ్గరిది విడిగా తేలుతుంది. అయినా అందులో అన్ని సుడులూ ఒకేలా ప్రవర్తించవు. కొన్నింటిలో శిఖరం ఉంటుంది, కొన్నింటిలో ఉండదు.

శిఖరాన్ని చూసి మజొరానా అనేసే తొందరపాటుకు ఈ రంగం చెల్లించిన మూల్యం పెద్దది. 2018లో నేచర్ పత్రికలో సరిగ్గా ఆ 77.5 మైక్రోసీమెన్స్ విలువ దగ్గర చదునైన శిఖరం కనిపించిందన్న పత్రం వచ్చింది. పిట్స్‌బర్గ్‌కు చెందిన సెర్గెయ్ ఫ్రోలోవ్, డెల్ఫ్ట్‌లో గతంలో పనిచేసిన విన్సెంట్ మౌరిక్ మూల డేటా తెప్పించుకుని చూశారు. మొత్తం డేటాలో ఆ విలువను దాటిపోయిన కొలతలు కూడా ఉన్నాయి. 2021 మార్చిలో రచయితలు పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. మరో రకం అతివాహక పొరలో అంచు వెంట పరుగెత్తే మజొరానా దొరికిందన్న 2017 నాటి పత్రాన్ని సైన్స్ పత్రిక 2022లో ఉపసంహరించింది. 2025 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ‘మజొరానా 1’ అనే చిప్‌ను ప్రకటించింది. దానితోపాటు నేచర్‌లో వచ్చిన పత్రం సమీక్ష ఫైలులో సంపాదకులు ఒక గమనిక చేర్చారు. ఆ ఫలితాలు మజొరానా స్థితులకు రుజువు కావని అందులో స్పష్టంగా ఉంది. ఈ చరిత్ర తెలియకపోతే సింగపూర్ బృందాలు ఎంచుకున్న దారి ఎందుకంత నెమ్మదిగా కనిపిస్తుందో అర్థం కాదు.

నాన్యాంగ్: రెండు పొరల మధ్య

నాన్యాంగ్‌లో ఈ పనికి కేంద్రం బెంట్ వెబర్ బృందం. వెబర్ అంతకుముందు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో ఉండగా, సిలికాన్‌లో నాలుగు పరమాణువుల వెడల్పున్న ఫాస్ఫరస్ తీగలోనూ ఓమ్ నియమం నిలుస్తుందని చూపిన 2012 నాటి పత్రానికి మొదటి రచయిత. పరమాణువుల స్థాయిలో కొలతలు తీసే ఆ అలవాటు ఇక్కడి పని నిండా కనిపిస్తుంది.

వారు ఎంచుకున్న పదార్థం టంగ్‌స్టన్ డైటెల్యూరైడ్ ఒంటి పొర. మందం మూడు పరమాణువుల వరుసలు: మధ్యలో టంగ్‌స్టన్, పైనా కిందా టెల్యూరియం. ఈ పొర లోపల విద్యుత్తు పారదు. అంచు వెంట మాత్రం పారుతుంది. అది కూడా ఒక క్రమంలోనే. ఒక స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లు ఒక దిక్కుకు, వ్యతిరేక స్పిన్ ఉన్నవి ఎదురు దిక్కుకు పోతాయి. దీన్ని క్వాంటం స్పిన్ హాల్ స్థితి అంటారు. 2018లో అమెరికాలో చేసిన కొలతల్లో ఈ స్థితి 100 కెల్విన్ వరకూ నిలిచింది. ఫు, కేన్ సూత్రాన్ని ఈ అంచుకు వర్తింపజేసి, దాన్ని అతివాహకం చేయగలిగితే మజొరానాకు సహజమైన చోటు దొరుకుతుంది.

పొరను తయారుచేయడమే పెద్ద పని. టంగ్‌స్టన్ 3,422 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. టెల్యూరియంకు 450 డిగ్రీలు చాలు. ఈ రెండింటినీ ఒకే శూన్య గదిలో విడివిడిగా ఆవిరి చేసి, స్ఫటికం మీద పరమాణువు పక్కన పరమాణువు పేరుకునేలా పెంచాలి. గాలీ తేమా తగిలితే ఈ ఒంటి పొర త్వరగా ఆక్సీకరణం చెంది పాడవుతుంది. ఏడాది పొడవునా తేమ వీడని సింగపూర్‌లో నమూనాను శూన్యంలో పెంచి, శూన్యంలోనే మైక్రోస్కోప్ దగ్గరికి చేర్చడం తప్ప దారి లేదు. మైక్రోస్కోప్ మొనకూ పొరకూ మధ్య దూరం ఒక ఆంగ్‌స్ట్రామ్ పెరిగితే కరెంటు దాదాపు పదోవంతుకు పడిపోతుంది. పరమాణువులను ఒక్కొక్కటిగా చూడగలిగేది ఆ సున్నితత్వం వల్లే.

2022లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చిన ఈ బృందం పత్రం అంచు మీదే దృష్టి పెట్టింది. ఒకే వరుసలో కదిలే ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తప్పించుకోలేవు. ఒకటి కదిలితే మిగతావన్నీ కదలాలి. అక్కడ మామూలు లోహాల సిద్ధాంతం పనిచేయదు. టొమొనాగా-లట్టింజర్ ద్రవం అనే వేరే వర్ణన కావాలి. ఎలక్ట్రాన్ల వికర్షణ ఎంత బలమైనదో లట్టింజర్ పరామితి అనే ఒక్క సంఖ్య చెబుతుంది. వికర్షణ లేకపోతే దాని విలువ 1. బలం పెరిగేకొద్దీ తగ్గుతుంది. అంచు కింద ఏ పదార్థం ఉందన్నదాన్ని బట్టి ఈ సంఖ్యను మార్చవచ్చని, ఒకే స్ఫటికంలో వేర్వేరు అంచులకు వేర్వేరు విలువలు ఉంటాయని నాన్యాంగ్ బృందం చూపింది. ఒకచోట మొన పెట్టి తీసిన ఒక్క గీత మీద ఆధారపడకుండా, అంచు పొడవునా పదుల చోట్ల కొలిచి గణాంకాలతో విలువ రాబట్టారు. ఈ రంగంలో ‘ఒక మంచి గీత’ను ఎంచి చూపే అలవాటు ఎంత చేటు చేసిందో గుర్తుంచుకుంటే ఆ పద్ధతి విలువ తెలుస్తుంది. వికర్షణ బలంగా ఉన్న ఇలాంటి అంచులకు అతివాహకత తోడైతే మజొరానాల కన్నా సంక్లిష్టమైన పారాఫెర్మియాన్లు పుట్టవచ్చని సిద్ధాంతం ఉంది. ఆ కారణంగా కూడా ఈ సంఖ్య ముఖ్యం.

అదే ఏడాది ఫిజికల్ రివ్యూ బి పత్రికలో వచ్చిన రెండో పత్రంలో వారు అతివాహకాన్ని తెచ్చారు. టంగ్‌స్టన్ డైటెల్యూరైడ్ ఒంటి పొరను నేరుగా నియోబియం డైసెలినైడ్ మీద పెంచారు. హెస్ సుడులు చూసిన పదార్థమే ఇది. దాదాపు 7.2 కెల్విన్ దగ్గర అతివాహకమవుతుంది. రెండూ పొరలు పొరలుగా ఉండే స్ఫటికాలు కాబట్టి కలిసేచోటు శుభ్రంగా ఉంటుంది. కొలతలు 500 మిల్లీకెల్విన్ వరకూ చల్లబరిచి తీశారు.

ఆ చలి ఎందుకంటే, వేడి వల్ల టనలింగ్ కొలత అలుక్కుపోతుంది. ఎంత అలుక్కుపోతుందో ఉష్ణోగ్రత, బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకాల లబ్ధాన్ని మూడున్నర రెట్లు చేస్తే తెలుస్తుంది. ద్రవ హీలియం మరిగే 4.2 కెల్విన్ దగ్గర అది సుమారు 1.27 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్. ఈ పొరలో వారికి దొరికిన అతివాహక గ్యాప్ పరిమాణం 0.6 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్ మాత్రమే. సున్నాకు ఇరుపక్కలా కలిపి చూసినా 1.2. అంటే ద్రవ హీలియం చలి సరిపోదు, గ్యాప్ మొత్తం మసకలో కలిసిపోతుంది. 500 మిల్లీకెల్విన్ దగ్గర మసక 0.15కు దిగుతుంది. అప్పుడే గ్యాప్ ఆకారాన్ని చదవడం వీలవుతుంది.

అలా చదివితే తేలింది ఏమిటంటే, పాకి వచ్చిన అతివాహకత 2 టెస్లా అయస్కాంత క్షేత్రం దాటినా నిలిచింది. మజొరానా కోసం అయస్కాంతత్వం కావలసి వస్తుంది కనుక ఇది మంచి వార్త. ఇబ్బంది పెట్టే సంగతి కూడా అదే పత్రంలో ఉంది. రెండు పొరలూ ఎంత గట్టిగా కలిశాయంటే, ఎలక్ట్రాన్లు ఇటూ అటూ స్వేచ్ఛగా దూకి, లోపల విద్యుత్తు పారనివ్వకూడని టంగ్‌స్టన్ డైటెల్యూరైడ్ అర్ధలోహంలా మారింది. అంచు ఒక్కటే ప్రవహించాలన్న మూల షరతుకే అది అడ్డు. అతివాహకత బాగా పాకాలంటే పొరలు గట్టిగా కలవాలి. గట్టిగా కలిస్తే పొర తన స్వభావం కోల్పోతుంది. ఫు, కేన్ సూత్రాన్ని నిజమైన పదార్థంలో పెట్టినప్పుడు ఎదురయ్యే అసలు చిక్కు ఇదేనని ఆ బృందం అంకెలతో, లెక్కతో కలిపి చూపింది. నా అభిప్రాయంలో సింగపూర్ నుంచి ఈ విషయంలో వచ్చిన అతి ఉపయోగకరమైన పత్రం ఇదే.

పదార్థాల పెంపకం

ఇలాంటి పొరలను ఎక్కువగా, తేలిగ్గా పెంచే పద్ధతులలో నాన్యాంగ్‌కు చెందిన లియు జెంగ్ బృందం పేరు ముందు చెప్పాలి. 2017లో వారు రసాయన ఆవిరి పద్ధతిలో నియోబియం డైసెలినైడ్ ఒంటి పొరలు పెంచి, అవి అతివాహకాలేనని చూపారు. 2018లో నేచర్‌లో వచ్చిన పత్రం ఇంకా పెద్దది. కరిగే ఉష్ణోగ్రత చాలా ఎక్కువున్న లోహాల ఆక్సైడులకు ఉప్పు కలిపితే అవి తక్కువ వేడికే కరిగి ఆవిరవుతాయి. ఆ కిటుకుతో 47 రకాల పలుచటి పదార్థాలు తయారుచేశారు. టోపోలాజికల్ పదార్థాల కోసం వెదికే ప్రయోగశాలలకు అది ఒక భాండాగారమైంది.

స్కిర్మియాన్లూ సుడులూ

నాన్యాంగ్‌లోనే క్రిస్టోస్ పనగోపౌలోస్ బృందం వేరే దారి పట్టింది. కొన్ని అయస్కాంత పొరల్లో పరమాణువుల స్పిన్‌లు ముడిలా తిరిగి స్కిర్మియాన్ అనే చిన్న గుండ్రని ఆకృతిని కడతాయి. ఆ ముడిని విప్పకుండా చెరపలేం కాబట్టి దానికీ టోపోలాజికల్ రక్షణ ఉంది. 2017లో నేచర్ మెటీరియల్స్‌లో వచ్చిన పత్రంలో అంజన్ సౌమ్యనారాయణన్, పనగోపౌలోస్, సహచరులు ఇరిడియం, ఇనుము, కోబాల్ట్, ప్లాటినం పొరల్లో గది ఉష్ణోగ్రత దగ్గరే స్కిర్మియాన్లు చూపారు. ఇనుము, కోబాల్ట్ పొరల మందాలను మారిస్తే వాటి పరిమాణం, సాంద్రత మారతాయని కూడా తేల్చారు.

స్కిర్మియాన్‌ను అతివాహకం పక్కన పెడితే ఏమవుతుంది? స్పిన్‌ల మెలిక, ఎలక్ట్రాన్‌కు అదనపు స్పిన్-కక్ష్య సంబంధంలా పనిచేస్తుంది. స్కిర్మియాన్ మీద అతివాహక సుడి ఒకటి కూర్చుంటే ఆ జంట మజొరానాకు ఆశ్రయం కావచ్చని సిద్ధాంత పత్రాలు చెప్పాయి. స్కిర్మియాన్లను కరెంటుతో కదిలించవచ్చు కనుక, సుడులను ఒకదాని చుట్టూ ఒకటి తిప్పే దారి కూడా దొరుకుతుందని ఆశ. 2021లో ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో అలెగ్జాండర్ పెట్రోవిచ్, ఎం. రాజు, పనగోపౌలోస్ తదితరులు మొదటి మెట్టు ఎక్కారు. ఆ అయస్కాంత పొరలకు 25 నానోమీటర్ల నియోబియం పొర జోడించి, సుమారు 50 నానోమీటర్ల వ్యాసార్ధమున్న స్కిర్మియాన్ల క్షేత్రమే నియోబియంలో ప్రతిసుడులను పుట్టించగలదని చూపారు. అయస్కాంతీకరణలో, అతివాహకం మోయగల గరిష్ఠ కరెంటులో, సుడుల కదలికలో మూడు చోట్లా ఆ గుర్తు కనబడింది. ఒకే సంగతికి మూడు వేర్వేరు సాక్ష్యాలు చూపడం ఇక్కడ మెచ్చుకోదగ్గది. ఈ పత్రంలో మజొరానా లేదు. రెండు టోపోలాజికల్ వస్తువులు ఒకదాన్నొకటి పట్టుకోగలవన్న నిరూపణ ఉంది.

లెక్కలూ, కాంతితో అనుకరణలూ

ఏ పదార్థంలో వెదకాలో చెప్పేది లెక్కలే. ఈ విషయంలో నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ సింగపూర్‌కు ఒక గట్టి విజయం ఉంది. అక్కడి గ్రాఫీన్ పరిశోధన కేంద్రంలో ఉన్న హ్సిన్ లిన్ బృందం, ప్రిన్స్‌టన్ వారితో కలిసి, టాంటలం ఆర్సెనైడ్ తరగతి స్ఫటికాలు వైల్ అర్ధలోహాలని 2015లో లెక్కగట్టింది. చైనాలో మరో బృందం కూడా స్వతంత్రంగా అదే తేల్చింది. ఆ ఏడాదే ప్రయోగాల్లో అది నిజమైంది. వైల్ కణం కూడా మజొరానాలాగే మొదట కణభౌతిక సమీకరణంగా పుట్టి, దశాబ్దాల తర్వాత స్ఫటికంలో కనిపించినదే.

2013లో అదే విశ్వవిద్యాలయంలోని క్వాంటం టెక్నాలజీల కేంద్రానికి చెందిన దిమిత్రిస్ అంగెలాకిస్, చాంగ్‌సుక్ నో, మరొక సహచరుడు మజొరానా సమీకరణాన్ని బల్ల మీది ప్రయోగంతో నడిపించే ప్రతిపాదన చేశారు. 2015లో జర్మనీలోని జెనా శాస్త్రవేత్తలతో కలిసి, గాజులో లేజర్‌తో గీసిన కాంతి మార్గాల్లో దాన్ని చేసి చూపారు. ఆవేశ నిత్యత్వానికి విరుద్ధమైన కదలిక ఎలా ఉంటుందో కాంతిలో అనుకరించిన ప్రయోగమిది. దీనికీ అతివాహకంలోని మజొరానా శూన్యస్థితికీ తేడా ఉంది. పేరు ఒకటే కావడంతో వార్తల్లో ఈ రెండూ తరచూ కలిసిపోతుంటాయి.

2018లో అదే విశ్వవిద్యాలయంలో రదిత్య వేద బొమంతార, జియాంగ్‌బిన్ గోంగ్ ఒక కొత్త ఆలోచన చెప్పారు. కితాయెవ్ తీగను క్రమం తప్పకుండా లయబద్ధంగా కదిలిస్తే, సున్నా దగ్గర ఒక మజొరానాతోపాటు సగం పౌనఃపున్యం దగ్గర మరొకటి పుడుతుంది. రెండూ కలిసి, కదిలించిన లయకు రెట్టింపు కాలంలో తిరిగివచ్చే స్థితిని ఇస్తాయి. దానికి ‘మజొరానా కాల స్ఫటికం’ అని పేరుపెట్టారు. తీగల జాలం అక్కర్లేకుండా ఒకే తీగలో అల్లికను అనుకరించవచ్చని వారి వాదన.

నిధులు

ఈ పనులన్నిటి వెనుకా సింగపూర్ ప్రభుత్వ దీర్ఘకాల మద్దతు ఉంది. క్వాంటం టెక్నాలజీల కేంద్రం 2007 డిసెంబరులో ఆర్టుర్ ఎకర్ట్ నాయకత్వంలో మొదలైంది. 2024 మేలో ప్రకటించిన జాతీయ క్వాంటం వ్యూహానికి అయిదేళ్లకు దాదాపు 30 కోట్ల సింగపూర్ డాలర్లు కేటాయించారు.

భారతదేశం 2023 ఏప్రిల్‌లో 6,003.65 కోట్ల రూపాయలతో నేషనల్ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. క్వాంటం పదార్థాలు, పరికరాల కేంద్రం ఢిల్లీ ఐఐటీలో ఉంది. అమరావతి క్వాంటం వ్యాలీ కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఐబీఎం, టీసీఎస్ 2025లో ప్రకటించిన యంత్రం 156 క్యూబిట్లది. ఆ క్యూబిట్లు మామూలు అతివాహక వలయాలు. టోపోలాజికల్ రక్షణ ఉన్నవి కావు కాబట్టి వాటిలో తప్పులను విడిగా సరిదిద్దుకోవాలి. రెండింటినీ ఒకటిగా చూడకూడదు.

ఇంకా తేలాల్సినవి

టనలింగ్ శిఖరం ఒక్కటే చాలదని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు. మజొరానా ఉంటే రెండు అతివాహకాల మధ్య కరెంటు, వాటి దశ భేదాన్ని బట్టి మామూలుకన్నా రెట్టింపు ఆవర్తనంతో మారాలి. 2012 నుంచి మైక్రోవేవ్ తరంగాలు పంపి ఈ గుర్తు కోసం వెదుకుతున్నారు. స్పిన్‌ను పసిగట్టే మొనతో శిఖరం ఏ దిక్కుకు స్పందిస్తుందో చూడాలి. తీగ ఒక కొస దగ్గర శిఖరం కనిపిస్తే రెండో కొస దగ్గరా అదే షరతుల్లో కనిపించాలి, తీగ మధ్యలో గ్యాప్ మూసుకుని మళ్లీ తెరుచుకోవాలి. 2023లో డెల్ఫ్ట్ బృందం తీగను వదిలి, రెండు క్వాంటం డాట్లతో కితాయెవ్ గొలుసు అతి చిన్న రూపాన్ని కట్టింది. అందులో రక్షణ లేదని వారే చెప్పారు. కానీ ప్రతి మీటా చేతిలో ఉండటం వల్ల ఏ మార్పు దేనివల్ల వచ్చిందో తెలుస్తోంది.

నాన్యాంగ్ పొరల విషయంలో తక్షణ ప్రశ్నలు ఇంకా నిర్దిష్టమైనవి. టంగ్‌స్టన్ డైటెల్యూరైడ్‌కూ నియోబియం డైసెలినైడ్‌కూ మధ్య కలయికను అదుపు చేసి, పొర లోపలి భాగాన్ని మళ్లీ విద్యుత్ బంధకంగా మార్చగలమా? అంచులో పాకిన అతివాహకతను లోపలి దాన్నుంచి వేరుచేసి చూడగలమా? అంచు వెంట ఒకచోట అయస్కాంత పదార్థం పెట్టి, అతివాహక భాగానికీ అయస్కాంత భాగానికీ మధ్య సరిహద్దులో శిఖరం వెదకాలి. స్కిర్మియాన్ జంటల విషయంలోనైతే ఒక్క సుడి నడుమ ఏముందో టనలింగ్ మొనతో చూడటం మిగిలింది. ఆపై మెట్టు అల్లిక. రెండు మజొరానాలను ఒకదాని చుట్టూ ఒకటి తిప్పి, తిప్పిన వరుసను బట్టి ఫలితం మారిందని ఏ దేశంలోనూ, ఏ పదార్థంలోనూ అందరూ ఒప్పుకునేలా ఇంతవరకు ఎవరూ చూపలేదు.